ఇరవై మూడో జత

మధ్యాహ్నం ఒకటిన్నరకు హేమ్లి నూట పద్దెనిమిది మెట్లూ ఎక్కి గుట్ట మీదికి వచ్చింది. జారుడు పడవ దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డ ఆమె మొగుడు రామ్‌సింగ్ చూసీ చూడనట్టు మొహం అటు తిప్పుకున్నాడు. డ్యూటీలో ఉన్నప్పుడు ఇంటివాళ్లతో ముచ్చట్లు పెట్టకూడదని పార్కు వాళ్ల రూలు. హేమ్లికి మాత్రం ఆ రూలు లేదు కదా.

"ఓ భాస్కర్ బాపూ! గిన్ని మెట్లు కట్టిచ్చినోనికి మోకాళ్లు లేవా ఏంది?" అని కొడుకు పేరు పెట్టి మొగుణ్ని పిలుస్తూ గుట్ట గుట్టంతా వినబడేట్టు అడిగింది.

"సిమెంటు మోసినదానివి నువ్వే. నీకు తెల్వదా ఎన్ని మెట్లో?" అన్నాడు రామ్‌సింగ్ అటే చూస్తూ.

"తెల్వక ఏంది? అప్పుడు నెత్తి మీద తట్ట ఉండె, ఇయ్యాల లేదు. గదే తేడా."

ఆమె వెనకాలే ఎక్కొచ్చిన తండా ఆడవాళ్లు పదకొండు మందీ పకపకా నవ్వారు. రామ్‌సింగ్ కూడా మీసాల కింద నవ్వుకున్నాడు.

పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, టేకు చెట్లు దగ్గర దగ్గరగా వచ్చే చోట ఈ వనకేళి పార్కు కట్టారు. రెండు ఎండాకాలాల కిందట ఈ గుట్ట మీద పడవ కాలువ పోస్తున్నప్పుడు హేమ్లి నాలుగు నెలలు కూలికి వచ్చింది. నెత్తి మీద చుట్టబట్ట, దాని మీద కాంక్రీటు తట్ట, రోజుకు ఎన్నిసార్లు ఎక్కిందో లెక్క లేదు. కాలువ పూర్తయినాక కూలీలను కింద గేటు దగ్గరే ఆపేశారు. నీళ్లు వదిలిన రోజు ఆమె రోడ్డు మీద నిలబడి, చెట్ల సందుల్లోంచి పడవ తెల్లగా జారడం చూసింది. ఆ రోజు నుంచీ ఇంట్లో ఒకటే మాట. "నాలుగు నెలలు ఎక్కుడే ఎక్కిన. ఒక్కపారి పడవల కూసొని దిగుత."

స్టాఫ్ ఇంటి మనిషికి ఏడాదికి ఒక్క పాసు ఇస్తారు. హేమ్లి పాసు మీద ఇవాళ్టి తారీఖు వేసి ఉంది. తెల్లారితే వానాకాలం పేరు చెప్పి జారుడు పడవను నాలుగు నెలలు మూసేస్తారు. అంటే ఎక్కితే ఇవాళే ఎక్కాలి. అది కూడా సాయంత్రం ఐదు లోపలే. తోటి ఆడవాళ్లు మిరపకాయలు ఏరిన కూలి దాచుకుని, టికెట్లు కొనుక్కుని, ఆమెకు తోడు వచ్చారు.

గుట్ట మీద రెండు దార్లు ఉన్నాయి. మామూలు టికెట్టు వాళ్ల చేతికి నీలం పట్టీ వేస్తారు. వాళ్లు ఎండలో ఇనుప కమ్మీల మధ్య నిలబడాలి. పార్కు వాళ్లదే ఉగాదికి తెరిచిన హోటలు ఒకటుంది. అందులో దిగిన వాళ్లకు బంగారు రంగు పట్టీ. వాళ్ల దారి మీద గుడారం, గుడారంలో ఫ్యాను, ఫ్యాను కింద చల్లటి మజ్జిగ. బంగారు పట్టీ ఎప్పుడొచ్చినా రామ్‌సింగ్ తాడు ఎత్తాలి. వాళ్లంతా అయిపోయాకే నీలం పట్టీల వంతు. పడవలు మొత్తం ఐదు. ఉగాది నుంచి రెండిటి మీద టార్పాలిన్ కప్పి ఉంటోంది. రిపేరు అని చెప్పారు. అడిగిన వాళ్లందరికీ రామ్‌సింగ్ కూడా అదే చెబుతూ వచ్చాడు.

ఆ రోజు ఎండ ఎట్లా ఉందంటే, కమ్మీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. తండా ఆడవాళ్లలో ఒక ముసలామె కొంగు నెత్తిన కప్పుకుని తూలుతోంది. రామ్‌సింగ్ ఇక ఆగలేకపోయాడు.

"అమ్మా, అయ్యా, అందరూ చెప్పులు లైన్ల ఇడిసిపెట్టి చెట్ల నీడకు పోండ్రి. మీ వంతు వస్తే పేరు పెట్టి పిలుస్త. ఒక్క చెప్పు ఇటుదటు కాదు, నాదీ పూచీ."

మీరెప్పుడైనా యూరియా లైన్లో నిలబడ్డారా? నిలబడ్డవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పోయిన వానాకాలం సొసైటీ గోదాం ముందు ఎన్ని వందల జతల చెప్పులు వరసగా పడుకున్నాయో! లారీ ఎప్పుడొస్తుందో తెలియదు. మనిషి ఎంతసేపని నిలబడతాడు? చెప్పులు పెట్టి వేపచెట్టు కిందికి పోతాడు. ఆ చెప్పు ఉన్నంతసేపు ఆ చోటు ఆ మనిషిదే. ఎమ్మెల్యే బామ్మర్ది వచ్చినా చెప్పు జరపడానికి లేదు. అక్కడ ఆ వరసకు కాపలా కాసింది రామ్‌సింగే. ఎవరి చెప్పు ఏదో, ఎన్నోదో చూడకుండా చెప్పేవాడు. ఒకసారి సొంత తమ్ముడు దస్రు తన చెప్పులు రెండు జతల ముందుకు జరిపితే, ఆ చెప్పులు తీసుకెళ్లి అందరికంటే వెనక పెట్టాడు. తమ్ముడు నెల రోజులు మాట్లాడలేదు. ఆ పేరు వినే పార్కు వాళ్లు పిలిచి ఈ తాడు చేతికిచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన్ని చెప్పుల రామ్‌సింగ్ అంటారు, వెక్కిరింతగా కాదు.

అరవై ఒక్క జతలు వరసలో కూర్చున్నాయి. హేమ్లివి నీలం హవాయి చెప్పులు. కుడికాలి పట్టీ తెగితే పాత లంగా ఎర్రదారంతో కట్టుకుంది. ఇరవై మూడో జత. మొగుడు తాడు దగ్గరున్నా ముందుకు పెట్టమని ఆమె అడగలేదు, ఆయన పెట్టలేదు.

బంగారు పట్టీల సందుల్లో ఒకటీ అరా పడవలు దొరికి, మూడయ్యేసరికి పన్నెండు జతలు కదిలాయి. హేమ్లి ముందు ఇంకా పది ఉన్నాయి. పడవకు నలుగురు. మూడో పడవలో హేమ్లి. రామ్‌సింగ్ మనసులో లెక్క వేసుకుని ఆమె వైపు మూడు వేళ్లు చూపించాడు. హేమ్లి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

అప్పుడే మెట్ల మీద గోల వినబడింది. హోటలు నుంచి ఒక్కసారే నలభై మంది. అందరి చేతులకూ బంగారు పట్టీలే. ఏదో పైపుల కంపెనీ డీలర్ల జల్సా అట.

రామ్‌సింగ్ తాడు ఎత్తలేదు. "జరంత ఆగుండ్రి సార్లూ. వీళ్లు ఒంటిగంట సంది ఉన్నరు. మూడు పడవలు పోనియ్యండ్రి."

"ఆగేదుంటే రూమెందుకు తీసుకుంటమయ్యా?" అన్నాడు ముందున్న డీలరు.

నీడలోంచి బోనకల్ రైతు సీతయ్య లేచొచ్చాడు. "ఏంది రామ్‌సింగ్, నువ్వు మా లైన్‌కు కాపలా అనుకున్నం. వీళ్లకు తలుపు తీసేటోనివా? గట్లనన్న చెప్పు, చెప్పులేసుకుని పోతం."

ఆ మాట రామ్‌సింగ్‌కు చెంప మీద కొట్టినట్టు తగిలింది. వాకీటాకీలో మేనేజరును పిలిచాడు.

మేనేజరు నాగచైతన్య సత్తుపల్లి వైపు కుర్రాడు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. హోటలు చదువు చదివి వచ్చాడు. మాట మెత్తగానే ఉంటుంది.

"ఏంటండీ రామ్‌సింగ్ గారూ ఈ చెప్పుల సంత? గెస్టులు ఫొటోలు తీస్తున్నారు."

"సంత కాదు సారూ, లైను."

"లైన్ అంటే మనుషులు ఉండాలండి."

"మనుషులు నీడకున్నరు. ఎండల పడిపోతే దవాఖానాకు మీరు తీస్కపోతరా?"

"సరే సరే. మీరు కిందికెళ్లి రిసెప్షన్లో ఈ గ్రూప్ లిస్టు తీసుకురండి. ఎంతమందో చూసి ఏదో ఒకటి చేద్దాం."

ఏదో ఒకటి చేద్దాం అన్న మాట నమ్మాడు రామ్‌సింగ్. ఆయన చేసిన తప్పు అదొక్కటే. తాడు కమ్మీకి తగిలించి మెట్లు దిగాడు. రిసెప్షన్లో పిల్ల లిస్టు ప్రింటు తీయడానికి పావుగంట చేసింది. మళ్లీ నూట పద్దెనిమిది మెట్లు ఎక్కి, ఒగరుస్తూ పైకొచ్చేసరికి వరస లేదు.

ఒక్క జత కూడా లేదు. ఊడ్చేవాళ్లు వెడల్పు చీపుర్లతో తోసి, అరవై ఒక్క జతల్లో మిగిలినవన్నీ చెత్త వేసే పెద్ద నీలం తొట్టిలో పడేశారు. ఖాళీ అయిన చోట నిలబడి డీలర్లు పడవలెక్కుతున్నారు. హేమ్లి తొట్టి పక్కన నిలబడి ఉంది. ఏడవడం లేదు. మొగుడి మొహంలోకి సూటిగా చూస్తోంది. ఆ చూపు కంటే ఏడ్చినా బాగుండుననిపించింది ఆయనకు.

"మేం అడ్డం పోయినం," అంది. "ఊడ్చేటోళ్లను గదమాయిస్తే వాళ్లేమో సార్ ఆర్డర్ అన్నరు. నీ పూచీ అంటివి కదా."

రామ్‌సింగ్ లిస్టు కాగితం ఉండచుట్టి జేబులో కుక్కుకున్నాడు. తొట్టిని ఒక్క తోపుతో పక్కకు పడేశాడు. చెప్పులన్నీ నేల మీద కుప్పగా పడ్డాయి, పక్కన ఐస్‌క్రీం పుల్లలు, తడి టిష్యూలు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీయడం మొదలుపెట్టాడు. తీసి, తన చొక్కా కొసతో తుడిచి, వరసలో పెట్టాడు.

"పదమూడు. సీతయ్య, టైరు చెప్పులు. పద్నాలుగు, థర్మల్ స్టేషన్ ప్రభాకర్, బూట్లు. పదిహేను, ఆయన భార్యవి, మడమ అరిగినయ్. పదహారు... పదిహేడు... ఇరవై రెండు, పిన్నీసు పెట్టిన జత, తండా ముసలమ్మవి..."

నీడలోని వాళ్లంతా వచ్చి నిలబడ్డారు. డీలర్లలో కూడా కొందరు మజ్జిగ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. నాగచైతన్య రెండుసార్లు "రామ్‌సింగ్ గారూ" అన్నాడు. ఆయన వినిపించుకోలేదు.

"ఇరవై మూడు," అన్నాడు. ఎర్రదారం కట్టిన చెప్పును మిగతావాటికంటే ఎక్కువసేపేమీ తుడవలేదు. దాని చోట దాన్ని పెట్టి ఇరవై నాలుగోది తీశాడు. చివరి జత పెట్టాక ఒక్కరంటే ఒక్కరు కూడా నాది ఇక్కడ కాదు అనలేదు.

టైము నాలుగు దాటింది. నాగచైతన్య ఆయన్ని గుడారం పక్కకు తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు. జేబులోంచి ఒక బంగారు పట్టీ తీసి చేతిలో పెట్టాడు.

"ఆవిడ మీ మిసెస్ అట కదండీ. ముందే చెప్పొచ్చుగా. ఇది కట్టి ఇప్పుడే ఎక్కించేయండి. గొడవ ఇక్కడితో ఆపేద్దాం. వానాకాలం తర్వాత మిమ్మల్ని మళ్లీ తీసుకునేది కూడా నేనే కదా."

రామ్‌సింగ్ పట్టీని చూశాడు. తళతళలాడుతోంది. అబద్ధం ఎందుకు, ఒక్క నిమిషం ఆశ పుట్టింది. ఇది కడితే హేమ్లి ఇప్పుడే కూర్చుంటుంది. మళ్లీ ఏడాది దాకా రాని రోజు ఇది. హేమ్లిని పిలిచి చూపించాడు.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా చెప్పులు ఆడున్నయ్. నా ముంగట పది జతలున్నయ్. వాళ్లను దాటి నేను గీడికెళ్లి ఎక్కితే, ఊళ్లె ఆ ముసలమ్మ మొహం ఎట్ల చూస్త?"

రామ్‌సింగ్‌కు సిగ్గేసింది, ఆ సిగ్గు కోపమైంది. పట్టీ వెనక్కి ఇచ్చేశాడు.

"పైసలు కట్టినోళ్లకు ఎక్కువ ఇయ్యాలె సారూ, నేను కాదంటలేను. మెత్తటి పరుపు అమ్ముకోండ్రి. ఏసీ అమ్ముకోండ్రి. గేటు తీయకముందు పొద్దుగాల గంటసేపు ఆడుకోనియ్యండ్రి, ఎవలద్దన్నరు? కాని వీళ్లు మూడు గంటలు ఎండల కాసుకున్నరు. ఆ టైము వీళ్లది. మీది కానిది మీరెట్ల అమ్ముకుంటరు?"

"సినిమా హాల్లో బాల్కనీ లేదా అండీ?"

"బాల్కనీ ఓడు పైన కూసుంటడు. కిందికొచ్చి నేల టికెటోని కుర్చీ గుంజుకుంటడా?"

నాగచైతన్యకు చెమట పట్టింది. "మీకు బిజినెస్ తెలీదు."

"తెల్వది. ఆ రెండు పడవలు బాగు చేపిస్తే ఇరుపక్కలా సరిపోతది కదా. గదన్న తెల్సు."

"అయ్యో రామ్‌సింగ్ గారూ, బాగు చేయించడానికి వాటికేమైంది?" అనేశాడు కుర్రాడు విసుగ్గా. "అవి కూడా దింపితే అరగంటలో లైన్ ఖాళీ. లైనే లేకపోతే లైన్ తప్పించే పట్టీ కోసం రూమ్ ఎవడు తీసుకుంటాడు? ఇది పైవాళ్ల నిర్ణయం, నాది కాదు. కొంచెం అర్థం చేసుకోండి."

మెల్లగానే అన్నాడు, కానీ గుడారానికి గోడలు లేవు కదా. ఫ్యాను కింద పిల్లలతో కూర్చున్న ఖమ్మం వ్యాపారి వెంకటకృష్ణ తల ఎత్తాడు.

"ఏందీ? మళ్లీ చెప్పు. మంచి పడవలు దాచిపెట్టి మాకు ఈ పట్టీ అమ్మిండ్రా? పిల్లలు ఎండకు ఆగరని మీరు అమ్మింది కొన్న. ఎండల నిలబెట్టిందే మీరా?" అంటూ చేతి పట్టీ లాగాడు. అది కత్తెర లేనిదే ఊడే రకం కాదు. పళ్లతో కొరికాడు. రాలేదు. ఆ కోపమంతా పట్టీ మీద చూపిస్తూ, పిల్లలను రెక్క పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రామ్‌సింగ్ చెవుల్లో మాత్రం ఒక్కటే మోగుతోంది. రిపేరమ్మా. రిపేరయ్యా. మూడు నెలలుగా ఎంతమందికి చెప్పాడు! చంకలో పసిపిల్ల ఉన్న తల్లికి చెప్పాడు. నైట్ షిఫ్టు దిగి నిద్ర మానుకుని వచ్చిన ప్రభాకర్‌కు ఇవాళే చెప్పాడు. ఆయన మాట అంటే నమ్మే మనుషులు కాబట్టి నమ్మారు. వీళ్లు ఆయన చేతులు కొనుక్కున్నారనుకున్నాడు. కొన్నది ఆయన నోటిని.

పడవలు నడిపే గంగయ్య దగ్గరికి విసురుగా పోయాడు. "నీకు ఎర్కేనా?"

గంగయ్య తల దించుకున్నాడు. "అవ్. నెలనెలా గ్రీసు పెట్టి ఖాళీగ తిప్పి చూస్తున్న. మంచిగనే ఉన్నయ్. నోరు తెరిస్తే పని పోతదన్నరు."

"నాతోని గిన్ని రోజులు అబద్ధం చెప్పిచ్చినవ్ గదరా."

"కొట్టన్న కొట్టు అన్నా."

"కొట్టుడెందుకు? టార్పాలిన్ గుంజు."

రామ్‌సింగ్ వెనక్కొచ్చి, ఇన్నాళ్లూ నీలం పట్టీల ముందు కట్టిన తాడు విప్పాడు. తీసుకెళ్లి గుడారం దారికి అడ్డంగా, ఎద్దును కట్టే ముడి వేశాడు. జేబులోంచి విజిల్ తీసి గట్టిగా ఊదాడు.

"పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు! సీతయ్యా, రా!"

గంగయ్య టార్పాలిన్ లాగాడు. ప్రభాకర్ ఒక చెయ్యి వేశాడు. కొత్త పెళ్లికూతురిలా మెరుస్తున్న రెండు పడవలు నీళ్లలోకి దిగాయి. జనం ఒక్కసారి గొల్లుమన్నారు, అది సంతోషం కాదు, తిట్టు. మొదటి పడవ వెళ్లింది. దాని వెనకే రెండోది వెళ్లింది. వరసలో ఎనిమిది జతల యజమానులు ఆరు నిమిషాల్లో జారిపోయారు.

"ఇరవై ఒకటి, ఇరవై రెండు," అని పిలిచి, గొంతు సవరించుకున్నాడు రామ్‌సింగ్. "ఇరవై మూడు."

ఇద్దరు కూర్చున్నారు. హేమ్లి వచ్చింది. పడవ అంచు పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టింది.

నాగచైతన్య వాకీటాకీలో అన్నాడు, "పంప్ ఆపేయండి."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది. కాలువలో నీళ్లు తగ్గి, తగ్గి, పడవ గరగరమంటూ కాంక్రీటు మీద కూలబడింది. ఒక కాలు పడవలో, ఒక కాలు గట్టు మీద హేమ్లి అట్లాగే ఉండిపోయింది.

"రైడ్ క్లోజ్. అందరూ దిగిపోండి," అన్నాడు నాగచైతన్య. "రామ్‌సింగ్ గారూ, ఐడీ కార్డు ఇచ్చేయండి."

రామ్‌సింగ్ కార్డూ విజిలూ తీసి ఆ బంగారు పట్టీ ఉన్న చేతిలోనే పెట్టాడు. ఏదో పెద్ద తిట్టు నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే హేమ్లి కదిలింది. పడవలోని కాలు తీసి పడవ ముందు, తడి కాలువలో పెట్టింది. తర్వాత రెండో కాలు. కుచ్చిళ్లు ఇంకా పైకి దోపుకుంది.

"ఏయ్ అమ్మా! అందులోకి దిగకూడదు!"

"నేను పోసిన కాలువ," అంది హేమ్లి వెనక్కి చూడకుండా. "యాడ నున్నగుందో, యాడ గరుకుందో నన్నడుగు."

నడిచింది. మొదటి మలుపు దగ్గర గోడ పట్టుకుంది. ఆమె వెనక పదకొండు మంది దిగారు. వాళ్లలో పిన్నీసు చెప్పుల ముసలమ్మను ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని పడవలోంచి దించారు. పన్నెండు జతల కాళ్లు చీలమండల్లోతు నీళ్లలో టపటపమంటూ పోతుంటే, రామ్‌సింగ్ కట్టిన తాడు అవతల డీలర్లు నిలబడి చూశారు. ఆఖరి నిట్టనిలువు జారుడు ముందు హేమ్లి ఆగి, పక్క గోడ వెనక చెయ్యి పెట్టి వెతికింది. తట్టలు మోసేప్పుడు కట్టిన ఇనుప మెట్లు అక్కడే ఉన్నాయి, తుప్పు పట్టి. ఒక్కొక్కరినీ వాటి మీదుగా దించి, చివర తను దిగింది.

రామ్‌సింగ్ పై నుంచి అంతా చూశాడు. కింద కొలను గట్టు మీద నిలబడి హేమ్లి తలెత్తి అరిచింది.

"భాస్కర్ బాపూ! దిగిన! కూసొని మాత్రం దిగలే!"

"చెప్పులు తెస్తున్న ఆగు!"

"తేకు!" అంది. ఆ గొంతులో ఇంతకుముందటి ఎగతాళి లేదు. "ఉండనీ ఆడనే. వానలైనంక వస్తం. మా వంతు పోలే."

సీతయ్య అప్పటికే కింద ఉన్నాడు. తన టైరు చెప్పులు పైనే ఉన్నాయని గుర్తొచ్చి ఒకసారి పాదాల వైపు చూసుకున్నాడు. గేటు వైపు ఉత్తకాళ్లతో నడిచాడు. ప్రభాకర్ నడిచాడు. పైనున్న వాళ్లు కూడా చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగడం మొదలుపెట్టారు. కాలుతున్న మెట్ల మీద ఎగిరెగిరి అడుగులేస్తూ, ఊడ్చేవాళ్ల వైపు ఒక చూపు విసిరి మరీ దిగారు.

ఊడ్చేవాళ్లు చీపుర్లు పట్టుకుని మేనేజరు మొహం చూశారు. మేనేజరు చెప్పుల వరస చూశాడు.

"మీ పని అయిపోయిందండీ. మీరు కూడా వెళ్లొచ్చు," అన్నాడు రామ్‌సింగ్‌తో.

"మీ పని అయిపోయింది. వీళ్ల పని కాలే," అన్నాడు రామ్‌సింగ్. వెళ్లి వరస మొదట్లో, ఎండలో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తన చెప్పులు కూడా విడిచి, అన్నిటికంటే వెనక పెట్టి వచ్చాడు.

"నేను చెప్పుల కాడుంట. ఊడుస్తరా? ఊడువుండ్రి, చూస్త."